క్యాలెండరు గళ్ళలో రాసిన పేర్లు: పోరాట ఆటలోకి వచ్చే అతిథిని ముందే చెప్పగలమా?

2019లో బెంగళూరు మారతహళ్ళిలో మేము ఉన్న పీజీ మూడో అంతస్తు గదిలో ఒక తెలుగు గోడ క్యాలెండరు వేలాడేది. కింద ఉన్న ఆంధ్రా మెస్సు యజమాని ఉగాదికి ఇచ్చింది అది. రాహుకాలమూ వర్జ్యమూ అచ్చయిన గళ్ళలో మిగిలిన తెల్లటి జాగాలో మేము నలుగురం పెన్సిలుతో పేర్లు రాసేవాళ్ళం: జీనో, బాంజో, వాలుయీజీ, డాంటే, సోరా. నింటెండో స్విచ్ మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది కాదు. మా అనంతపురం మిత్రుడి అన్న దుబాయి నుంచి తెచ్చి ఇచ్చిన ఒక్క యంత్రం మీదే అందరం 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' ఆడేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆడిన గంటలకన్నా, అందులోకి తరువాత వచ్చే యోధుడు ఎవరో వాదించుకున్న గంటలే ఎక్కువ. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా గదిని చూసే పుట్టిందా అనిపించేది.

విషయం తెలియని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. వేరువేరు ఆటలకు, కొన్నిసార్లు వేరువేరు కంపెనీలకు చెందిన పాత్రలు ఒకే రంగం మీద తలపడే ఆటను క్రాసోవర్ పోరాట ఆట అంటారు. వీడియో గేమ్ పార్లర్లో బిళ్ళ వేసి 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97' ఆడినవాళ్ళకు ఈ మాట తెలియకపోయినా వస్తువు తెలుసు: ఎస్‌ఎన్‌కే సంస్థ 'ఫేటల్ ఫ్యూరీ', 'ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్' వంటి తన సొంత ఆటల వీరులను ఒకచోట చేర్చి 1994లో ఆ వరుసను మొదలుపెట్టింది. గయుణ్ణి కాపాడతానన్న మాట కోసం అర్జునుడు కృష్ణుడికే ఎదురు నిలిచే పద్యనాటకాన్ని తెల్లవార్లూ చూసిన మన తాతలకైతే ఈ సరదా ఇంకా ముందునుంచే తెలుసు. అయితే కృష్ణార్జునులు ఇద్దరూ ఒకే భారతంలోని వాళ్ళు. వాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టడానికి నాటకకర్త ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఆటల్లో చిక్కు అక్కడే మొదలవుతుంది. సొంత ఇంటివాళ్ళను పంక్తిలో కూర్చోబెట్టడం ఒక ఎత్తు, పొరుగింటి వాళ్ళను పిలుచుకురావడం మరొక ఎత్తు.

'అల్టిమేట్' 2018 డిసెంబరు 7న విడుదలైనప్పుడు అందులో 70 మందికి పైగా యోధులున్నారు. ఆ తరువాత మూడేళ్ళలో విడతలు విడతలుగా డబ్బు పెట్టి కొనుక్కునే పాత్రలు చేరి, చివరికి లెక్క 89కి చేరింది. ఒక్కొక్క ప్రకటనకూ మధ్య నెలల తరబడి విరామం ఉండేది. ఊహలన్నీ పెరిగింది ఆ విరామాల్లోనే. వాటిలో చాలా భాగం ఒకే తప్పుడు ప్రశ్న మీద నిలబడ్డాయని నేను అనుకుంటున్నాను. మేమందరం అడిగింది 'ఎవరు వస్తే బాగుంటుంది' అని. ఆ ప్రశ్నకు జవాబు ఎంత బాగా తెలిసినా, 'ఎవరు వస్తారు' అన్న ప్రశ్నకు అది పెద్దగా పనికిరాదు.

జనాదరణకు అసలు విలువే లేదని దీని అర్థం కాదు. 2015 ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 3 వరకు, 'అల్టిమేట్'కు ముందటి స్మాష్ ఆట కోసం, నింటెండో స్వయంగా అభిమానుల ఓట్లు అడిగింది; ఎవరైనా, ఏ ఆటలోని పాత్ర పేరైనా రాసి పంపవచ్చునంది. ఆ డిసెంబరులో బయొనెట్టాను ప్రకటిస్తూ, ఒప్పందం కుదరగలిగిన, ఆటలో సాధ్యపడగలిగిన పాత్రల్లో ఆమెకే ఎక్కువ ఆదరణ దక్కిందని చెప్పింది. ఆ విశేషణాలను గమనించండి. వడ్డించేవాడు పప్పులో ఉప్పు చూసుకున్నంత జాగ్రత్తగా ఆ వాక్యాన్ని తూచి వేశారు. అసలు ఓట్లలో మొదటి స్థానం ఎవరిదో అప్పుడు చెప్పలేదు. ఆరేళ్ళ తరువాత, 2021 అక్టోబరులో, ఆట దర్శకుడు మసహిరో సకురాయి ఆ పేరును బయటపెట్టాడు. అది సోరా, స్క్వేర్ ఎనిక్స్, డిస్నీ కలిసి తెచ్చిన 'కింగ్‌డమ్ హార్ట్స్' ఆట నాయకుడు. అంటే అందరికన్నా ఎక్కువమంది కోరుకున్న పాత్ర ఆరేళ్ళపాటు గడప బయటే నిలబడింది, ఆ వరుసలో తరువాతి వాళ్ళు లోపలికి వచ్చి కూర్చున్నారు. ఓటు తలుపు తట్టగలదు, తాళం తీయలేదు.

ఆ తాళం పేరు హక్కులు. ఒక పాత్ర మీద హక్కు ఎవరిదో తెలియకుండా చేసే అంచనా, పొలం ఎవరిదో కనుక్కోకుండా బయానా ఇచ్చినట్టుంటుంది. దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ స్మాష్‌లో లేదు, క్యాప్‌కామ్, మార్వెల్ కలిసి నడిపిన వరుసలో ఉంది. 1996లో 'ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్'తో మొదలైన ఆ బంధానికి పునాదులు వేసిందే ఎక్స్-మెన్. 2000లో వచ్చిన 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2'లో ఉన్న 56 మందిలో మాగ్నీటో, స్టార్మ్ వంటి వాళ్ళు పోటీలను ఏలారు. అలాంటిది 2017 సెప్టెంబరులో వచ్చిన 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఇన్ఫినిట్'లో 30 మంది ఉంటే వాళ్ళలో ఒక్క ఎక్స్-మెన్ వీరుడూ లేడు. తరువాత చేర్చిన ఆరుగురిలోనూ లేడు. బ్లాక్ పాంథర్, బ్లాక్ విడో, వింటర్ సోల్జర్, వెనమ్ వచ్చారు. అప్పటికి ఎక్స్-మెన్ సినిమా హక్కులు ఫాక్స్ చేతిలో ఉన్నాయి. మార్వెల్ సొంతంగా తీస్తున్న సినిమాల్లో ఉన్న ముఖాలే ఆటలోనూ ఎక్కువగా కనిపించాయి. ఫాక్స్‌ను డిస్నీ కొనుగోలు చేయడం 2019 మార్చిలో గాని పూర్తి కాలేదు. వుల్వరిన్ లేని ఆ ఆట చూసి తిట్టుకున్న అభిమాని ఆటల పేజీలు తిరగేశాడు. జవాబు వ్యాపార పేజీలో ఉంది.

హక్కులకు గడువు కూడా ఉంటుందని చాలామంది మరచిపోతారు. 'అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3' 2011లో వచ్చి, 2013 డిసెంబరులో ఆన్‌లైన్ అంగళ్ళ నుంచి మాయమై, మళ్ళీ 2016 డిసెంబరులో ప్లేస్టేషన్ 4 మీద కనబడింది. ఆటలో ఒక్క అక్షరం చెడిపోలేదు. కౌలు గడువు తీరింది, అంతే. ఇక హక్కు ఒక్క ముక్కగా ఉండదు. బొమ్మ ఒకరిది, గొంతు ఒకరిది, సంగీతం ఒకరిది కావచ్చు. 'ఫైనల్ ఫాంటసీ 7' వీరుడు క్లౌడ్ స్మాష్‌లోకి వచ్చినప్పుడు, వందల పాటలున్న ఆ ఆటలో, అతని ఆట నుంచి వచ్చినవి రెండంటే రెండే బాణీలు. అంత ప్రసిద్ధమైన సంగీతం అంత పిసినారితనంగా రావడం వెనుక ఎన్ని చర్చలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. 2020 డిసెంబరులో అదే ఆట ప్రతినాయకుడు సెఫిరాత్ వచ్చినప్పుడే మరో తొమ్మిది బాణీలు చేరాయి. పెళ్ళికొడుకును ఒప్పించడం ఒక బేరం, మేళాన్ని ఒప్పించడం మరో బేరం.

ఇంతవరకు చాలామంది అభిమానులు ఒప్పుకుంటారు. హక్కుల తరువాత వచ్చేది కాలం. అంచనాలన్నిటినీ తలకిందులు చేసేది అదేనని నా అభిప్రాయం, అభిమానులు అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేదీ అదే. 'అల్టిమేట్'లో మొదట ఉండబోయే యోధుల ప్రణాళిక 2015 డిసెంబరుకే సిద్ధమైపోయిందని సకురాయి చెప్పాడు. ఆట వచ్చింది 2018 డిసెంబరులో. అంటే మధ్యలో నిండా మూడేళ్ళు. 2017లో వచ్చి మంచి పేరు తెచ్చుకున్న 'జెనోబ్లేడ్ క్రానికల్స్ 2' నాయకుడు రెక్స్‌కు ఆ జాబితాలో చోటు ఎందుకు లేదని 2018లో వాదించినవాళ్ళందరూ, మూడేళ్ళ కిందట అచ్చయిన శుభలేఖలో తమ పేరు వెతుక్కున్నట్టే. ఆ కథ నుంచి పైరా, మిత్రా అనే జంట 2021 మార్చిలో గాని రాలేదు.

ఇదే ప్రణాళికలో ఇంకా విచిత్రమైన సంగతి ఒకటుంది. అప్పటికి పుట్టనైనా పుట్టని పోకెమాన్ కోసం ఒక ఖాళీ కుర్చీ వేసి ఉంచారు. తరువాతి పోకెమాన్ ఆటలు, 'సన్', 'మూన్', 2016 నవంబరులో వచ్చాక, వాటి నుంచి ఇన్సినెరోర్‌ను ఎంచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పాత్ర పేరు తెలియకముందే పాత్రకు చోటు ఖాయమైందన్నమాట. అభిమాని చేసే లెక్కలో ఇలాంటి కుర్చీ ఎప్పుడూ ఉండదు. అతను తనకు తెలిసిన పేర్లలోనే వెతుకుతాడు.

కాలం మరో విధంగానూ పనిచేస్తుంది. అతిథి ఊరికే రాడు, చేతిలో ఏదో ఒక సరుకు పట్టుకుని వస్తాడు. 2012 నవంబరులో సోనీ విడుదల చేసిన 'ప్లేస్టేషన్ ఆల్-స్టార్స్ బ్యాటిల్ రాయల్' దీనికి పాఠ్యపుస్తకం వంటిది. ప్లేస్టేషన్ అనగానే జ్ఞాపకం వచ్చే క్రాష్ బాండికూట్ అందులో లేడు, ఎందుకంటే అప్పటికి అతను యాక్టివిజన్ ఆస్తి. బయటి కంపెనీల నుంచి వచ్చిన వాళ్ళలో ముగ్గురిని చూడండి. 'డెవిల్ మే క్రై' వీరుడు డాంటే వచ్చాడు, కాని అందరూ ప్రేమించిన తెల్ల జుట్టు డాంటే రాలేదు. 2013 జనవరిలో రానున్న 'డిఎంసీ'లోని కొత్త వేషం వాడు వచ్చాడు. రైడెన్ వచ్చాడు, అతని 'మెటల్ గేర్ రైజింగ్' 2013 ఫిబ్రవరిలో ఉంది. 'బయోషాక్' నుంచి బిగ్ డాడీ వచ్చాడు. 'బయోషాక్ ఇన్ఫినిట్' 2013 మార్చిలో వచ్చింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి. గోడ మీది క్యాలెండరు చదవడం వచ్చినవాడికి వేరే జాతకం అక్కరలేదు.

మా గదిలో ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు ఆటలు ఆడేవాడే కాదు. ఆడిట్ ఆఫీసులో పనిచేసే ప్రొద్దుటూరు కుర్రాడు, పక్క మంచం వాడు. 2020 సంక్రాంతికి ఊరికి వెళ్ళే బస్సు కోసం సంచి సర్దుకుంటూ, మొదటి విడతలో ఐదో యోధుడి గురించి మేము చేస్తున్న గోల విని, "అన్నా, వాళ్ళు ఇప్పుడు ఏం అమ్ముకుంటాండారు?" అని అడిగాడు. నింటెండో చేతిలో కొత్తగా బాగా అమ్ముడవుతున్నది 2019 జులైలో వచ్చిన 'ఫైర్ ఎంబ్లమ్ త్రీ హౌసెస్' అని చెప్పాను. "అయితే దాంట్లోవాడే, రాసుకో" అన్నాడు. మేము నవ్వాం. ఆ వరుస నుంచి అప్పటికే ఏడుగురు ఉన్నారు, అందరూ కత్తి పట్టినవాళ్ళే, ఎనిమిదోవాణ్ణి ఎవరు అడుగుతారు? ఆ నెలలోనే 'త్రీ హౌసెస్' ముఖ్యపాత్ర బైలెత్‌ను ప్రకటించారు. ఆ ఆట ఇంకా తయారీలో ఉన్నప్పుడే ఆ ఎంపిక జరిగిపోయిందని సకురాయి తరువాత వివరించాడు. ఎవరూ అడగలేదన్న మా గమనిక సరైనదే. అడగడంతో దానికి పని లేదన్నది మాకు తట్టలేదు.

అసలు మా క్యాలెండరు మొత్తం ఒక పెద్ద పొరపాటు మీద వేలాడుతోంది. మొదటి విడత ఐదుగురి జాబితా అప్పటికే ఖరారైందనీ, ఎంపిక నింటెండో చేసిందనీ, ఇచ్చిన పేరును యోధుడిగా మలచగలనా లేదా అన్నది చూసుకోవడం తన వంతనీ 2018 నవంబరులో నింటెండో ఇచ్చిన ఆన్‌లైన్ ప్రసారంలోనే సకురాయి చెప్పాడు. మేము 2019 పొడుగునా పెన్సిలుతో రాసిన విన్నపాలు అప్పటికే సీలు వేసిన కవరు మీద రాసినవే. పరీక్ష రాసి వచ్చిన తరువాత మొక్కుకునే మొక్కుకూ దీనికీ తేడా లేదు. మొక్కడం తప్పని నేను అనడం లేదు, ఫలితం దానివల్ల మారదని మాత్రం గుర్తుంచుకోవాలి.

మూడో అంశం శరీరం. దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అభిమానులు అడ్డంకి అనుకున్నదాన్ని తయారీదారులు తరచు దాటేశారు. 'మెట్రాయిడ్' వరుసలోని రిడ్లీ చాలా పెద్ద జంతువు కాబట్టి ఎన్నటికీ రాదన్న మాట ఏళ్ళ తరబడి హాస్యంగా చెలామణి అయింది. 2018 జూన్‌లో ఒళ్ళు కాస్త కుదించుకుని వచ్చేసింది. నిజంగా కష్టమైనది ఎవరూ ఊహించని చోట ఉంది. 'మైన్‌క్రాఫ్ట్' స్టీవ్ 2020 అక్టోబరులో వచ్చినప్పుడు, అతను నేలను తవ్వి ఇటుకలు పేర్చగలగాలి కాబట్టి, ఆటలో ఉన్న రంగస్థలాలన్నిటినీ మళ్ళీ సవరించవలసి వచ్చింది. ఒక్క అతిథి వస్తున్నాడని ఇల్లంతా తిరిగి గచ్చు చేయించినట్టు. మంచి చతురస్రపు బొమ్మ, చేయడం తేలిక అని మా గదిలో ఒకడు తేల్చేసిన పాత్ర ఇది.

ఇక లీకుల సంగతి. ఈ వ్యాసం రాయాలనిపించడానికి అసలు కారణం ఇవే. 2014 ఆగస్టులో, అప్పటి స్మాష్ ఆట జపాన్‌లో విడుదల కావడానికి కొన్ని వారాల ముందు, యోధులను ఎంచుకునే తెర బొమ్మలూ కొన్ని వీడియో ముక్కలూ బయటికి వచ్చాయి. నమ్మనివాళ్ళు చాలామంది ఉన్నారు. చివరికి అవన్నీ నిజమని తేలింది. ఆ అనుభవం ఒక తరం అభిమానులకు ఒక పాఠం నేర్పింది, అది తప్పు పాఠం: చాలినంత వివరంగా ఉంటే నిజమే అయి ఉంటుంది అని. నాలుగేళ్ళ తరువాత ఆ పాఠానికి ఫీజు కట్టవలసి వచ్చింది. 2018 అక్టోబరు చివరలో ఒక ఫొటో తిరిగింది. అందులో 'అల్టిమేట్' పోస్టరు, దాని మీద బాంజో, జీనో, షాడో, ఐజాక్, కెన్ తదితరులు. ఆ పక్కనే అప్పటికింకా విడుదల కాని గ్రించ్ సినిమా ప్రచార సామగ్రి. వాదన ఇలా సాగింది: ఆ సినిమా సామగ్రి నకిలీ చేయడం కష్టం, అది అచ్చయ్యేది ముద్రణాలయంలో, కాబట్టి ఫొటో ముద్రణాలయంలో తీసింది, కాబట్టి పోస్టరు అసలైనది. మొదటి రెండు మెట్లు గట్టివే. మూడోదీ కావచ్చు. చివరి మెట్టు కింద నేలే లేదు. గుడి ఫొటోలో పక్కన నిలబడినంత మాత్రాన పూజారి కాడు కదా. నవంబరు 1 ప్రసారంలో కెన్, ఇన్సినెరోర్ వచ్చారు, పిరానా ప్లాంట్ అనే పూలకుండీ మొక్క వచ్చింది. జీనో లేదు, షాడో లేదు, ఆ పోస్టరు లేదు.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. ఆ నకిలీ పోస్టరులో కెన్ ఉన్నాడు, కెన్ వచ్చాడు. బాంజో ఉన్నాడు, బాంజో కూడా 2019 సెప్టెంబరులో వచ్చాడు. కాకి వాలగానే తాటిపండు పడింది. దాన్నే మన తర్కశాస్త్రం కాకతాళీయం అంది. జనం గట్టిగా కోరుకునే పేర్లతో నకిలీ జాబితా తయారవుతుంది, జనం గట్టిగా కోరుకునే పేర్లలో కొన్ని నిజంగానే వస్తాయి. కనుక కొన్ని కలవడం సహజం, కలిసినంత మాత్రాన జాబితాకు ప్రామాణ్యం రాదు. 'మా మేనమామ అక్కడే పనిచేస్తాడు' అనే వాళ్ళ విషయంలోనూ ఇంతే. పదిచోట్ల పది పేర్లు చెప్పి, తప్పినవి చెరిపేసి, తగిలిన ఒక్కదాన్ని మాత్రం చూపించేవాడికీ మా మారతహళ్ళి వంతెన కింద చిలకను పట్టుకుని కూర్చునే జోస్యుడికీ నేను పెద్ద తేడా చూడను. చిలకైనా తీసిన కార్డును దాచుకోదు.

కొన్ని ఆధారాలకు మాత్రం నిజంగా బరువు ఉంది. అవి ఆట లోపలి ఫైళ్ళు. 2012 మార్చిలో 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' విడుదలైనప్పుడు, తరువాత డబ్బుకు అమ్మాలనుకున్న 12 మంది యోధులు అప్పటికే కొన్న డిస్కులోనే తాళం వేసి ఉన్నారని ఫైళ్ళు తవ్విన వాళ్ళు కనిపెట్టారు. కొనుగోలుదారులకు కోపం రావడం న్యాయమే, ఆ కోపాన్ని పక్కన పెడితే ఇక్కడ ఊహకు చోటే లేదు. సరుకు సంచిలోనే ఉంది. 2019 మొదట్లో 'అల్టిమేట్' ఫైళ్ళలో జాక్, బ్రేవ్ అన్న రెండు సంకేత నామాలు దొరికాయి. జాక్ అప్పటికే ప్రకటించిన 'పెర్సోనా 5' జోకర్‌దని తేలింది. బ్రేవ్ ఎవరన్న దాని మీద చర్చ నడిచింది. జపనీయులు 'డ్రాగన్ క్వెస్ట్' కథానాయకుణ్ణి యూషా, అంటే ధైర్యశాలి, అంటారని గుర్తుచేసుకున్న వాళ్ళు నెలల ముందే సరైన చోటికి చేరారు. జూన్‌లో అతని ప్రకటన వచ్చింది. కోరికలతో మొదలుపెట్టిన వాళ్ళకన్నా ఒక చిన్న మాటతో మొదలుపెట్టిన వాళ్ళు ఎక్కువ దూరం వెళ్ళగలిగారు. నేను ఆ రెండో జట్టులో లేను, ఒప్పుకుంటున్నాను.

అభిమానులు తమకు తాము రాసుకున్న చట్టాలు వేరే ఉన్నాయి. ఆటలో సహాయక పాత్రగా ఇదివరకే ఉన్నవాడు యోధుడు కాలేడన్నది వాటిలో ముఖ్యమైనది. కంపెనీ అలా ఎన్నడూ ప్రకటించలేదు. చూసిన కొన్ని సందర్భాల నుంచి జనమే సూత్రం తీశారు, ఆ తరువాత దాన్ని శాసనం చేసేశారు. 'ఆర్మ్స్' ఆట ముఖచిత్రం వంటి స్ప్రింగ్‌మ్యాన్ అప్పటికే సహాయక పాత్రగా ఉన్నాడు కాబట్టి ఆ ఆట నుంచి ఎవరూ రారని చాలామంది కొట్టిపారేశారు. 2020 మార్చిలో 'ఆర్మ్స్' నుంచి ఒకరు వస్తున్నారని, ఎవరన్నది చెప్పకుండానే ప్రకటించారు. జూన్‌లో మిన్ మిన్ వచ్చింది. సూత్రానికి అక్షరాలా భంగం రాలేదని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. స్ప్రింగ్‌మ్యాన్ సహాయకుడిగానే ఉండిపోయాడు కదా అంటారు. కోర్టు ప్లీడర్లు కావలసినవాళ్ళు.

ఒక ఆటలో నేర్చిన వ్యాకరణం మరో ఆటలో చెల్లదన్నది కూడా చెప్పాలి. స్మాష్‌లో బయటి నుంచి వచ్చిన అతిథులందరూ వీడియో గేముల్లో పుట్టినవాళ్ళే. సినిమా వీరుణ్ణి అక్కడ ఆశించడం వృథా. 'మోర్టల్ కంబాట్' దానికి పూర్తిగా ఎదురు. 2015 నాటి ఆటలో జేసన్, ప్రిడేటర్. 2019 నాటి ఆటలో టెర్మినేటర్, రోబోకాప్, రాంబో. 2023 నాటి ఆటలో హోమ్‌ల్యాండర్, ఆమ్నీ-మ్యాన్. అదే వరుసలో బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్, పీస్‌మేకర్ కనిపించడానికి ఒప్పందాలు పెద్దగా వెతకనక్కరలేదు, ఆ ఆటకూ ఆ పాత్రలకూ యజమాని వార్నర్ సంస్థే. యజమాని ఎవరో చూస్తే సగం తెలిసిపోతుందనడానికి 2025 మరింత మొరటు సాక్ష్యం ఇచ్చింది. ఎస్‌ఎన్‌కే సంస్థ వాటాలు దాదాపు అన్నీ సౌదీ చేతికి వెళ్ళిన తరువాత, ఆ ఏప్రిల్‌లో వచ్చిన 'ఫేటల్ ఫ్యూరీ సిటీ ఆఫ్ ది వుల్వ్స్'లో సౌదీ క్లబ్బు అల్ నస్ర్‌కు ఆడుతున్న ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో యోధుడిగా ప్రత్యక్షమయ్యాడు. బిళ్ళలు వేసి టెర్రీ, ఆండీలతో ఆడిన మా తరంలో ఎవరి కోరికల జాబితాలోనూ ఆ పేరు ఉండి ఉండదు.

నా లెక్కకు లొంగని వాళ్ళూ ఉన్నారు. 2018 ఆగస్టులో, 'వాకింగ్ డెడ్' ధారావాహికలోని నీగన్ 'టెక్కెన్ 7'లోకి వస్తున్నాడని ప్రకటించినప్పుడు, చేతిలో ముళ్ళ తీగ చుట్టిన బ్యాటుతో ఒక మామూలు మనిషి మార్షల్ ఆర్ట్స్ వీరుల మధ్య నిలబడితే, సభలో ఉన్నవాళ్ళతో పాటు నేనూ నిర్ఘాంతపోయాను. హక్కులు, కాలం, శరీరం, యజమాని అన్నిటినీ వేళ్ళ మీద లెక్కపెట్టినా అతను వస్తాడని నేను చెప్పగలిగేవాణ్ణి కాదు. వచ్చాక కారణాలు అల్లడం వేరే విద్య.

2021 అక్టోబరు 5న, మన సమయం ప్రకారం రాత్రి ఏడున్నరకు, 'అల్టిమేట్' చివరి యోధుడి ప్రసారం మొదలైంది. కరోనా తరువాత పీజీ సగం ఖాళీగానే ఉంది. ప్రొద్దుటూరు కుర్రాడు ఊరి నుంచే పని చేస్తున్నాడు, అనంతపురం మిత్రుడు స్విచ్ నాకు అప్పగించి హైదరాబాదు వెళ్ళిపోయాడు. తెర మీద మారియో కీబ్లేడ్, అంటే తాళంచెవి ఆకారపు సోరా కత్తి, విసిరాడు, వెలుగులో తాళపు రంధ్రం తెరుచుకుంది, సోరా బయటికి దూకాడు. డిస్నీ ప్రతినిధి ఒకరు ఒక అవార్డుల వేదిక దగ్గర యాదృచ్ఛికంగా కలిసి, సోరా స్మాష్‌లో ఉంటే బాగుంటుందని అనడంతో చర్చలకు దారి దొరికిందని సకురాయి ఆ తరువాత రాశాడు. ఆరేళ్ళ కిందటి ఓట్లూ, స్క్వేర్ ఎనిక్స్, డిస్నీల మధ్య హక్కుల చిక్కుముడీ, వాటన్నిటి మీదా ఎవరో ఎవరితోనో నిలబడి మాట్లాడిన రెండు మాటలు.

మా మెస్సు యజమానికి పాత క్యాలెండరు తీసే అలవాటు లేదు. కొత్తదాన్ని అదే మేకుకు, దాని మీదే తగిలిస్తాడు. ఆ రాత్రి నేను 2021, 2020 పైకెత్తి 2019 చూశాను. అక్టోబరు పేజీలో అనంతపురం వాడి చేతిరాతతో సోరా అని ఉంది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన 'డిస్నీ ఒప్పుకోదు' అన్న రెండు ముక్కలు. ఆ ఎర్ర సిరా రాత నాదే.